టి కణాలలో అనుసంధాన ప్రోటీనులు

అనుసంధాన ప్రోటీనులు లేదా అడాప్టర్ ప్రోటీనులు అనగా ఒక కణం ఉపరితలం మీది గ్రాహకానికి అందిన సమాచారాన్ని కణం లోపలి ఎంజైములకు చేరవేయడంలో తోడ్పడే ప్రోటీనులు. ఇవి ఎంజైములు కావు. వీటికి స్వయంగా ఏ రసాయనిక చర్యనూ జరిపే శక్తి లేదు. విడివిడిగా తిరుగాడే ఎంజైములను ఒకచోట చేర్చి, కావలసినంతసేపు పట్టి ఉంచడమే వీటి పని. రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి కణాలలో ఈ ప్రోటీనుల పాత్ర అత్యంత కీలకమైనది. లాట్, ఎస్.ఎల్.పి-76 అనే రెండు అనుసంధాన ప్రోటీనులలో ఏ ఒక్కటి పూర్తిగా లోపించినా శరీరానికి సరియైన టి కణాల రక్షణ ఉండదు. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారు జీవితాంతం వాడే ముఖ్యమైన మందులు కూడా ఈ ప్రోటీనులు నడిపే సంకేత మార్గాన్నే ఒకచోట అడ్డగిస్తాయి.

నేపథ్యము

రక్తంలోని తెల్లకణాలలో లింఫోసైట్లు ఒక రకం. వీటిలో బి కణాలు ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. టి కణాలు సూక్ష్మజీవులు సోకిన కణాలను గుర్తించి చంపుతాయి, ఇతర రక్షక కణాలకు ఆదేశాలు ఇస్తాయి. ఎముక మజ్జలో పుట్టిన కణాలు ఛాతీ ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథికి చేరి అక్కడ పరిపక్వత చెందుతాయి కనుక వీటికి టి కణాలు అని పేరు వచ్చింది. రోగనిరోధక శక్తిలో థైమస్ గ్రంథి ప్రాముఖ్యాన్ని 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త వెల్లడించాడు.

ప్రతి టి కణం ఉపరితలం మీద సుమారు 30,000 గ్రాహకాలు ఉంటాయి. బి కణం తయారు చేసే ప్రతిరక్షకం వలె ఇవి సూక్ష్మజీవిని నేరుగా గుర్తించవు. శరీరంలోని మరొక కణం తన ఎం.హెచ్.సి. అణువు మీద ఉంచి చూపించే చిన్న ప్రోటీను ముక్కను, అనగా పెప్టైడును మాత్రమే గుర్తిస్తాయి. ఒక కణం మీద ఉండే వేలాది పెప్టైడులలో అత్యధిక భాగం శరీరానికి చెందినవే. వాటి మధ్య పరాయి పెప్టైడులు పది ఉన్నా టి కణం పసిగట్టగలదు.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. గ్రాహకంలో పెప్టైడును తాకే ఆల్ఫా, బీటా గొలుసుల తోకలు కణం లోపలికి కొద్ది అమైనో ఆమ్లాల మేరకు మాత్రమే చొచ్చుకొని ఉంటాయి. ఈ గ్రాహకంలో ఎంజైము భాగం కూడా లేదు. అటువంటప్పుడు కణం బయట జరిగిన స్పర్శ లోపలి కేంద్రకానికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానంలో అధిక భాగం అనుసంధాన ప్రోటీనులలో ఉన్నది.

నిర్మాణము

అనుసంధాన ప్రోటీనులలో ఇతర ప్రోటీనులను పట్టుకొనే భాగాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి:

* ఎస్.హెచ్-2 భాగము: సుమారు 100 అమైనో ఆమ్లాలతో ఏర్పడుతుంది. ఫాస్ఫేటు చేరిన టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఇది పట్టుకొంటుంది. ఫాస్ఫేటు లేని టైరోసిన్‌ను పట్టించుకోదు.
* ఎస్.హెచ్-3 భాగము: సుమారు 60 అమైనో ఆమ్లాలు గలది. ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండే వరుసలకు అతుక్కుంటుంది.
* టైరోసిన్ స్థానాలు: వీటికి ఫాస్ఫేటు చేరినప్పుడు ఇతర ప్రోటీనుల ఎస్.హెచ్-2 భాగాలకు ఇవి ఆనవాళ్ళు అవుతాయి.

ప్రోటీనులకు ఫాస్ఫేటును చేర్చే ఎంజైములను కైనేజులు అనీ, తొలగించే ఎంజైములను ఫాస్ఫటేజులు అనీ అంటారు.

ఈ ఏర్పాటును అర్థం చేసుకొనడానికి హైదరాబాదు మెట్రోలోని అమీర్‌పేట స్టేషనును ఉదాహరణగా తీసుకొనవచ్చును. మియాపూర్ నుండి ఎల్.బి.నగర్ వెళ్ళే ఎరుపు మార్గము, నాగోలు నుండి రాయదుర్గం వెళ్ళే నీలి మార్గము ఇక్కడ కలుస్తాయి. స్టేషను కదలదు, ప్రయాణికులను మోయదు. అయినా ఒక రైలు దిగినవారు మరొక రైలు ఎక్కగలగడం ఆ స్టేషను వలననే. అనుసంధాన ప్రోటీను కూడా అటువంటిదే. అయితే ఒక తేడా ఉన్నది. అమీర్‌పేట స్టేషనులో ప్లాట్‌ఫారాలు ఎల్లప్పుడూ ఉంటాయి. అనుసంధాన ప్రోటీను మీద టైరోసిన్‌కు ఫాస్ఫేటు చేరినప్పుడు మాత్రమే ప్లాట్‌ఫారం ఏర్పడుతుంది. ఫాస్ఫేటు తొలగిపోగానే అది మాయమవుతుంది. అందువలన ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారం, ఎంతసేపు ఉంటుంది అనేదే సంకేతం బలాన్ని, స్వభావాన్ని నిర్ణయిస్తుంది.

పరిశోధనల చరిత్ర

* 1986లో కెనడాకు చెందిన టోనీ పాసన్ బృందం ఎస్.హెచ్-2 భాగాన్ని గుర్తించింది.
* 1988లో హిడెసబురో హనఫుసా ప్రయోగశాలలో క్రక్ అనే కాన్సరు కారక ప్రోటీనును కనుగొన్నారు. ఎంజైము భాగం లేకుండా కేవలం ఎస్.హెచ్-2, ఎస్.హెచ్-3 భాగాలే ఉన్న ఈ ప్రోటీను కణాన్ని కాన్సరు కణంగా మార్చగలగడం అప్పటి శాస్త్రవేత్తలకు ఆశ్చర్యం కలిగించింది.
* 1991–92లలో ఆర్థర్ వైస్ బృందం టి కణాలలో జాప్-70 అనే కైనేజును గుర్తించి దాని జన్యువును వేరుచేసింది.
* 1992లో గ్రబ్2 అనే అనుసంధాన ప్రోటీను వెలుగులోకి వచ్చింది. దీనిలో ఒక ఎస్.హెచ్-2 భాగము, దానికి ఇరువైపులా రెండు ఎస్.హెచ్-3 భాగాలు ఉంటాయి.
* 1995లో గ్యారీ కొరెట్స్‌కీ బృందం ఎస్.ఎల్.పి-76 జన్యువును వేరుచేసింది. పేరులోని 76 దాని అణుభారాన్ని కిలోడాల్టన్లలో సూచిస్తుంది.
* 1998లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో లారెన్స్ శామెల్సన్ బృందం లాట్‌ను గుర్తించింది. టి కణం ఉత్తేజితమైన వెంటనే ఫాస్ఫేటు చేరే 36–38 కిలోడాల్టన్ల ప్రోటీను ఒకటి ఉన్నదని అంతకు ముందే తెలుసు. అది ఏమిటో ఈ పరిశోధనతో స్పష్టమయింది.

సంకేత ప్రసారము జరిగే క్రమము

గ్రాహకము వద్ద

టి కణ గ్రాహకంలోని ఆల్ఫా, బీటా గొలుసులకు తోడుగా సి.డి-3 అనే సముదాయము, రెండు జీటా గొలుసులు ఉంటాయి. వీటి తోకలు కణం లోపలికి పొడవుగా ఉంటాయి. ఈ తోకలన్నిటిలో కలిపి 10 ప్రత్యేక వరుసలు, ఒక్కొక్క వరుసలో రెండేసి టైరోసిన్‌లు ఉన్నాయి. గ్రాహకం పెప్టైడును తాకినపుడు లెక్ అనే కైనేజు ఈ టైరోసిన్‌లకు ఫాస్ఫేటును చేరుస్తుంది. సి.డి-4, సి.డి-8 అనే సహ గ్రాహకాలు లెక్‌ను వెంట తీసుకొని వస్తాయి. ఫాస్ఫేటు చేరిన వరుసకు జాప్-70 తన రెండు ఎస్.హెచ్-2 భాగాలతో అతుక్కుని ఉత్తేజితమవుతుంది. ఇంతవరకు జరిగినది ఎంజైముల పని. ఇక్కడి నుండి అనుసంధాన ప్రోటీనుల పాత్ర మొదలవుతుంది.

లాట్

లాట్ కణత్వచంలో నాటుకొని ఉండే ప్రోటీను. దీనిలో కణం వెలుపల ఉండే భాగం అతి స్వల్పము. మిగిలినదంతా కణం లోపలికి వ్రేలాడే పొడవైన తోక. ఈ తోకలోని టైరోసిన్‌లకు జాప్-70 ఫాస్ఫేటును చేరుస్తుంది. వీటిలో చివరి నాలుగు ముఖ్యమైనవి. మానవుల లాట్‌లో ఇవి 132, 171, 191, 226 స్థానాలలో ఉన్నాయి. 132వ టైరోసిన్ ఫాస్ఫోలైపేజ్ సి-గామా-1 అనే ఎంజైమును పట్టుకొంటుంది. మిగిలిన మూడు గ్రబ్2, గాడ్స్ అనే అనుసంధాన ప్రోటీనులను పట్టుకొంటాయి.

ఎస్.ఎల్.పి-76

ఎస్.ఎల్.పి-76 కణద్రవ్యంలో తిరుగాడుతూ ఉంటుంది. గాడ్స్ దీనిని తన ఎస్.హెచ్-3 భాగంతో గట్టిగా పట్టుకొని, ఎస్.హెచ్-2 భాగంతో లాట్‌కు అతుక్కుంటుంది. ఈ విధంగా గాడ్స్ ఒక వంతెన వలె పనిచేసి ఎస్.ఎల్.పి-76ను కణత్వచం దగ్గరకు చేరుస్తుంది. అప్పుడు జాప్-70 దీనిలోని మూడు టైరోసిన్‌లకు ఫాస్ఫేటును చేరుస్తుంది. వీటికి వావ్, నిక్, ఐ.టి.కె. అనే ప్రోటీనులు వచ్చి చేరుతాయి. వీటిలో ఐ.టి.కె. ఒక కైనేజు. లాట్ మీద సిద్ధంగా ఉన్న ఫాస్ఫోలైపేజ్‌ను ఇది ఉత్తేజపరుస్తుంది. అనగా ఎంజైమును లాట్, దానిని మేల్కొలిపే కైనేజును ఎస్.ఎల్.పి-76 తీసుకొని వస్తాయి. ఈ రెండూ ఒకచోట చేరితేనే పని జరుగుతుంది.

మూడు మార్గాలు

ఉత్తేజితమైన ఫాస్ఫోలైపేజ్ కణత్వచంలోని ఒక కొవ్వు పదార్థాన్ని రెండుగా ఛేదిస్తుంది. ఆ రెండు ముక్కల నుండి, లాట్ నుండి సంకేతం మూడు మార్గాలుగా చీలుతుంది.

* కాల్షియం మార్గము: ఐ.పి-3 అనే ముక్క కణంలో నిల్వ ఉన్న కాల్షియంను విడుదల చేయిస్తుంది. నిల్వ తగ్గగానే కణత్వచంలోని ఓరాయ్-1 అనే ద్వారాలు తెరుచుకొని బయటి కాల్షియం లోపలికి ప్రవహిస్తుంది. కాల్షియం పెరిగినపుడు కాల్సిన్యూరిన్ అనే ఫాస్ఫటేజు పనిచేయడం ప్రారంభించి ఎన్‌ఫాట్ అనే ప్రోటీను నుండి ఫాస్ఫేటులను తొలగిస్తుంది. దానితో ఎన్‌ఫాట్ కేంద్రకంలోనికి ప్రవేశిస్తుంది.
* రాస్ మార్గము: రెండవ ముక్క అయిన డైఎసైల్ గ్లిసరాల్ వలన, లాట్ మీద గ్రబ్2 వెంట వచ్చే సాస్ వలన రాస్ అనే ప్రోటీను ఉత్తేజితమవుతుంది. ఇది చివరకు కేంద్రకంలో ఏ.పి-1 అనే కారకాన్ని మేల్కొలుపుతుంది.
* ఎన్.ఎఫ్-కప్పా-బి మార్గము: డైఎసైల్ గ్లిసరాల్ ప్రోటీన్ కైనేజ్ సి-థీటాను కూడా ఉత్తేజపరుస్తుంది. దీని ద్వారా ఎన్.ఎఫ్-కప్పా-బి కేంద్రకానికి చేరుతుంది.

ఈ మూడు కారకాలూ కేంద్రకంలో కలిసి ఇంటర్‌ల్యూకిన్-2 వంటి జన్యువులను పనిచేయిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-2 టి కణాల సంఖ్య పెరగడానికి అవసరమైన ప్రోటీను. లాట్‌కు ఫాస్ఫేటు చేరడం సెకన్లలో, ఎన్‌ఫాట్ కేంద్రకం చేరడం నిమిషాలలో, ఇంటర్‌ల్యూకిన్-2 వెలువడడం గంటలలో జరుగుతుంది.

అతుక్కొనే శక్తి

ఎస్.ఎల్.పి-76కు తోడుగా అడాప్ అనే మరొక అనుసంధాన ప్రోటీను పనిచేస్తుంది. దీనిని 1997లో గుర్తించారు. గ్రాహకానికి సంకేతం అందిన తరువాత కణం ఉపరితలం మీది ఇంటిగ్రిన్‌లు గట్టిగా పట్టుకొనేటట్లు చేయడం దీని పని. దీని వలన టి కణం ఎదుటి కణాన్ని వదలకుండా కావలసినంతసేపు పరిశీలించగలుగుతుంది.

తన, పర భేదము

టి కణం తన శరీరపు పెప్టైడులను కూడా నిరంతరం తాకుతూ ఉంటుంది. ఆ స్పర్శ క్షణికము. పరాయి పెప్టైడుతో స్పర్శ కొన్ని సెకన్లపాటు నిలుస్తుంది. సంకేతం పలు మెట్లు దాటవలసి ఉండడం వలన, అన్ని మెట్లూ పూర్తయ్యే వరకు నిలిచిన స్పర్శకే ఫలితం ఉంటుందని 1995లో టిమోతీ మెకైథన్ ప్రతిపాదించాడు.

ఆ మెట్లలో ఒకటి లాట్‌లోనే ఉన్నదని తరువాతి పరిశోధనలలో తేలింది. జాప్-70 సాధారణంగా ఆమ్ల స్వభావం గల అమైనో ఆమ్లం పక్కన ఉన్న టైరోసిన్‌కు వేగంగా ఫాస్ఫేటును చేరుస్తుంది. లాట్‌లోని 132వ టైరోసిన్‌కు ముందు మాత్రం గ్లైసిన్ ఉన్నది. అందువలన కాల్షియం మార్గానికి తలుపు వంటి ఈ స్థానానికి ఫాస్ఫేటు చేరడం ఆలస్యమవుతుంది. 2019లో ప్రచురితమైన ప్రయోగాలలో ఈ గ్లైసిన్ స్థానంలో ఆమ్ల స్వభావం గల అస్పార్టిక్ ఆమ్లాన్ని ఉంచినపుడు, టి కణాలు బలహీనమైన పెప్టైడులకు కూడా స్పందించాయి. అనగా ఈ ఆలస్యము లోపం కాదు, తన శరీరాన్ని తానే శత్రువుగా భావించకుండా కాపాడే జాగ్రత్త.

సంకేతాన్ని ఆపడము

ఆరంభించిన సంకేతాన్ని సకాలంలో ఆపడం కూడా అంతే అవసరం. ఫాస్ఫటేజులు టైరోసిన్‌ల నుండి ఫాస్ఫేటులను తొలగిస్తాయి. హెచ్.పి.కె-1 అనే కైనేజు ఎస్.ఎల్.పి-76లోని ఒక సెరీన్‌కు ఫాస్ఫేటును చేర్చి దానిని లాట్ నుండి విడిపోయేటట్లు చేస్తుంది. ఈ కైనేజును నిరోధించి కాన్సరు మీద టి కణాల దాడిని పెంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

లాట్ ఒక్క ప్రేరణకే కాక అదుపుకు కూడా అవసరమని 2002లో ఎలుకల మీద జరిపిన ప్రయోగాలు తెలిపాయి. మానవుల 132వ టైరోసిన్‌కు సమానమైనది ఎలుకలలో 136వ టైరోసిన్. దానిని మార్చివేసినపుడు టి కణాలు నీరసిస్తాయని భావించారు. జరిగినది వేరు. మొదట టి కణాల అభివృద్ధి కుంటుపడినా, తరువాత అవి అదుపు లేకుండా పెరిగి ప్లీహాన్ని, లింఫు గ్రంథులను నింపివేశాయి.

లోపాలు, వ్యాధులు

1998లో ఎస్.ఎల్.పి-76 లేని ఎలుకలను, 1999లో లాట్ లేని ఎలుకలను సృష్టించారు. రెండింటిలోనూ పరిపక్వమైన టి కణాలు కనిపించలేదు. థైమస్‌లో టి కణం ఎదగడానికి కూడా గ్రాహకపు సంకేతం అవసరమే కనుక, ఆ సంకేతం లేక అవి మధ్యలోనే ఆగిపోయాయి.

మానవులలో ఇటువంటి లోపాలు అత్యంత అరుదు. లాట్ లోపంతో పుట్టిన పిల్లల గురించి 2016, 2017లలోను, ఎస్.ఎల్.పి-76 లోపం గురించి 2021లోను శాస్త్ర పత్రికలలో వివరాలు వెలువడ్డాయి. కైనేజు అయిన జాప్-70 లోపాన్ని 1994లోనే గుర్తించారు. ఇటువంటి పిల్లలకు నెలల వయస్సు నుండే తీవ్రమైన అంటువ్యాధులు సోకుతాయి. ఎముక మజ్జ మూలకణాల మార్పిడి వీరికి ప్రధాన చికిత్స. బి.సి.జి., పోలియో చుక్కల వంటి సజీవ టీకాలు సాధారణ శిశువులకు మేలు చేసినా, టి కణాల రక్షణ లేని శిశువులకు ప్రమాదకరం కావచ్చును. పుట్టిన వెంటనే ఈ టీకాలు ఇచ్చే మన దేశంలో, కుటుంబంలో అంతకు ముందు శిశువులు అంటువ్యాధులతో మరణించిన చరిత్ర ఉంటే ఆ సంగతిని వైద్యునికి ముందుగా తెలపడం అవసరం.

అవయవ మార్పిడి

మూత్రపిండ మార్పిడిలో టి కణాలు దాత మూత్రపిండాన్ని పరాయిదిగా గుర్తించి దాడి చేస్తాయి. మొట్టమొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి 1954లో అమెరికాలోని బోస్టనులో జోసెఫ్ మర్రీ చేతుల మీదుగా జరిగింది. దాత, గ్రహీత ఒకే పోలిక కవలలు కావడం వలన ఆ దాడి జరుగలేదు. కవలలు కానివారికి ఈ చికిత్స సురక్షితం కావడానికి టి కణాల సంకేతాన్ని అడ్డగించే మందులు అవసరమయ్యాయి.

సైక్లోస్పోరిన్ ఒక శిలీంధ్రం నుండి లభించింది. 1983లో అమెరికాలో అనుమతి పొందింది. టాక్రొలిమస్‌ను జపానులోని సుకుబా ప్రాంతపు మట్టిలోని ఒక బాక్టీరియా నుండి 1984లో కనుగొన్నారు. ఇవి ఎలా పనిచేస్తాయో మొదట తెలియదు. రెండూ కాల్సిన్యూరిన్‌నే అడ్డగిస్తాయని 1991లో స్టువర్ట్ ష్రైబర్ బృందం చూపింది. అనగా ఈ మందులు వాడేవారిలో గ్రాహకము, జాప్-70, లాట్, ఎస్.ఎల్.పి-76 యథావిధిగా పనిచేస్తాయి, కాల్షియం కూడా పెరుగుతుంది. కానీ ఎన్‌ఫాట్ కేంద్రకాన్ని చేరదు.

లాట్ వంటి అనుసంధాన ప్రోటీనుల మీద నేరుగా పనిచేసే మందును తయారు చేయడం కష్టం. ఎంజైములో మందు ఇమిడే లోతైన గుంట ఉంటుంది. అనుసంధాన ప్రోటీనులో అటువంటి గుంట ఉండదు. అందువలననే వైద్యులు దిగువన ఉన్న ఎంజైమును అడ్డగించే మందులను ఎంచుకొంటారు.

హైదరాబాదులో

హైదరాబాదు పంజగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా ప్రారంభమై 1989 శాసనంతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందింది. ప్రభుత్వ రంగంలో మూత్రపిండ మార్పిడి జరిగే ముఖ్య కేంద్రాలలో ఇది ఒకటి. మరణానంతర అవయవ దానాన్ని సమన్వయపరచే జీవన్‌దాన్ కార్యక్రమం 2013లో ప్రారంభమయింది. దాని కార్యాలయం నిమ్స్ ఆవరణలోనే ఉన్నది. 2007లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో మూత్రపిండ మార్పిడిని కూడా చేర్చారు. 1984లో కల్లం అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ప్రధాన కార్యాలయం 2000ల దశకంలో పంజగుట్టకు పక్కనే ఉన్న అమీర్‌పేటలో ఉండేది. టాక్రొలిమస్‌ను జనరిక్ మందుగా తయారు చేసే కంపెనీలలో ఇది ఒకటి.

మందు మోతాదు

టాక్రొలిమస్ మోతాదు తగ్గితే టి కణాలు మేల్కొని కొత్త మూత్రపిండాన్ని తిరస్కరిస్తాయి. ఎక్కువైతే క్షయ, వైరసు వ్యాధులు సోకే అవకాశం పెరుగుతుంది. అంతేకాక ఈ మందు ఎక్కువైనప్పుడు మూత్రపిండానికే హాని చేస్తుంది, మధుమేహాన్ని, చేతుల వణుకును కలిగించవచ్చును. అందుచేత రక్తంలో దీని పరిమాణాన్ని తరచుగా పరీక్షిస్తారు. పరీక్షకు రక్తాన్ని ఉదయపు మాత్ర వేసుకొనక ముందే తీయాలి.

ఒకే మోతాదు అందరికీ సరిపోదు. కాలేయంలోని సి.వై.పి-3ఏ-5 అనే ఎంజైము చురుకుగా ఉన్నవారిలో ఈ మందు త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక వారికి ఎక్కువ మోతాదు అవసరమవుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ టాక్రొలిమస్ పరిమాణాన్ని బాగా తగ్గిస్తుంది. శిలీంధ్ర వ్యాధులకు వాడే కీటోకొనజోల్ వంటివి పెంచుతాయి. కాబట్టి మార్పిడి చేయించుకున్నవారు ఆరోగ్యం బాగున్నదని మాత్రలు మానివేయడం గాని, మార్పిడి వైద్యునికి తెలుపకుండా ఇతర మందులు వాడడం గాని చేయరాదు. ఆరోగ్యం బాగుండడానికి కారణం ఆ మాత్రలే. శరీరంలోని టి కణాలు పరాయి అవయవాన్ని ఎన్ని సంవత్సరాలయినా గుర్తించగలవు.

కాన్సరు చికిత్సలో

కార్-టి చికిత్సలో రోగి టి కణాలను బయటకు తీసి, కాన్సరు కణాలను గుర్తించే కృత్రిమ గ్రాహకాన్ని వాటిలో అమర్చి తిరిగి ఎక్కిస్తారు. ఈ గ్రాహకం లోపలి తోకలో సాధారణంగా జీటా గొలుసు భాగం ఉంటుంది. కనుక జాప్-70 వచ్చి చేరగలుగుతుంది. భారతదేశంలో రూపొందిన ఇటువంటి మొదటి చికిత్స నెక్స్‌కార్-19కు 2023లో అనుమతి లభించింది. దీనిని ముంబయిలోని ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆసుపత్రి శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు. సహజ గ్రాహకంతో పోలిస్తే కృత్రిమ గ్రాహకాలకు మేల్కొనడానికి ఎదుటి కణం మీద చాలా ఎక్కువ ప్రతిజనకాలు అవసరమవుతాయి. వీటిలో సంకేతం లాట్ వరకు సరిగా చేరకపోవడం అందుకు ఒక కారణమని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ లోటును సవరించడానికి లాట్, ఎస్.ఎల్.పి-76 వంటి అనుసంధాన ప్రోటీనులనే ఉపయోగించే ప్రయత్నాలు సాగుతున్నాయి.

ఇవి కూడా చూడండి

* రోగనిరోధక వ్యవస్థ
* థైమస్ గ్రంథి
* ఎంజైము
* మూత్రపిండ మార్పిడి
* నిజాం వైద్య విజ్ఞాన సంస్థ